మూడు వారాల మహిమ

మా టీచరమ్మ పోయిందని బేతంచెర్ల నుంచి అమ్మ ఫోన్ చేసింది. ఆ వెంటనే, "ఫిట్స్‌తో కాదంట మే. గుండెపోటంట" అంది.

అమ్మ నిజంగానే ఏడుస్తోంది, కాదనను. కానీ ఆ రెండో మాటలో కాస్త నమ్మలేనితనం, కాస్త ఆశాభంగం కూడా వినిపించాయి. ఆమెను ఎరిగిన ప్రతి ఒక్కరికీ ఆమె చావు గురించి ఒక గట్టి అభిప్రాయం ఉండేది మా ఊళ్ళో. పొయ్యి మీద పడి పోతుందని కొందరు, బావిలో పడి పోతుందని కొందరు, రోడ్డు దాటుతూ రాళ్ళ లారీ కింద పడుతుందని ఇంకొందరు. అట్లా అన్నవాళ్ళలో చాలామంది ఆమెకంటే ముందే వెళ్ళిపోయారు. ఆమె మాత్రం రిటైరై, పింఛను తీసుకుంటూ, ఒక మధ్యాహ్నం సంగటి తిని, చాప మీద నడుం వాల్చి, మామూలు మనుషులు పోయినట్టే పోయింది. ఊరి దృష్టిలో ఇది కొంచెం అన్యాయమే.

ఆమె పేరు నేను రాయను. పేరు చెబితే మా ఊళ్ళో ఇప్పటికీ "ఎవరు, ఆ ఫిట్స్ టీచరా" అంటారు. మనిషి కంటే ముందు రోగం గుర్తుకు రావడం ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు. నాకూ అదే రోగం.

ఆమె మా మిషను హైస్కూల్లో తెలుగు చెప్పేది. పొడుగు మనిషి. నడిచొస్తుంటే ముందు గొడుగు, వెనక ఆమె. మా సీమలో గొడుగు వాన కోసం కొనరు, ఎండ కోసం కొంటారు. ఆమె ఎండ లేనప్పుడు కూడా తెచ్చేది, దానితో దారిలో కుక్కలనూ క్లాసులో మగపిల్లలనూ అదిలించేది. ఎడమ కనుబొమ మీద తెల్లటి మచ్చ ఒకటి ఉండేది. అదెట్లా వచ్చిందని అడిగిన పిల్లలకు తలా ఒక కథ చెప్పేది. నాకు ఎలుగుబంటి కథ చెప్పింది. మా వెనక బెంచీ వాళ్ళకు గండికోట గోడ మీద నుంచి పడిన కథ చెప్పింది. ఎవరికి ఏ కథ చెప్పినా చివరి మాట మాత్రం ఒకటే: "మల్ల లేసి, నడుచుకుంటా ఇంటికి పోతి."

బేతంచెర్ల అంటే రాయి. గనుల్లో తవ్వి, కోసి, పాలిష్ పట్టి లారీలకెత్తుతారు. మా ఊరి బండలు పరవని ఇల్లు ఆ చుట్టుపక్కల ఉండదు. గుడిలో మా రాయే, చర్చిలో మా రాయే, సమాధుల మీద కూడా మా రాయే. ఒక్క టీచరమ్మ ఇంట్లో మాత్రం మట్టినేల. పేడతో అలికి, పైన ఈతచాపలు పరిచేది. మా నాయనకు పాలిష్ ఫ్యాక్టరీ ఉండేది. ఆ మట్టినేల ఆయనకు సొంత అవమానం లాగా తోచేది. ఒకరోజు బండలు లారీకెత్తించి, పనివాళ్ళను వెంటబెట్టుకుని, ఆమె ఇంటి ముందు ఆపించాడు. నేనూ ముందు సీట్లో కూర్చుని వెళ్ళాను.

"టీచరమ్మా, దుడ్లు అడగడంలే. ఊరికే పరిపిస్తా. మా పాపకు సదువు చెప్తాండావు గదా, దానికి అనుకో" అన్నాడు నాయన.

"ఏమప్పా, నీ రాయి అద్దం మాదిరి ఉంటాదంట గదా."

"మొగం చూసుకోవచ్చు టీచరమ్మా."

"నేను పడేది గూడా మొగం మీదనేనప్పా. పడేముందు చూసుకోడానికి బాగానే ఉంటాది. పడినాక చూసుకోడానికి మొగం ఉండల్ల గదా."

నాయన లారీ వెనక్కి తిప్పించాడు. టీచరమ్మ పిసినారి అని ఊరంతా చెప్పుకున్నారు. ఊరికే ఇస్తామన్నదాన్ని వద్దనడం పిసినారితనం ఎట్లా అయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ ఊరు ఒకసారి అనేశాక అర్థంతో పనేముంది.

నాకు మొదటిసారి ఫిట్స్ వచ్చింది ఎనిమిదో తరగతిలో. పెద్దమనిషినయ్యానని ఊరందరినీ పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, ఫోటోలు తీసి, భోజనాలు పెట్టిన కొన్ని నెలలకు. తెలుగు క్లాసులోనే వచ్చింది. నాకు గుర్తున్నది కళ్ళు తెరిచినప్పటి నుంచి. ఒక పక్కకు తిరిగి పడుకుని ఉన్నాను. తల పగిలిపోతోంది, నాలుక కొరుక్కున్నాను, పావడా తడిసిపోయింది. ఆ తడి తెలిసిన క్షణంలో నాకు చచ్చిపోవాలనిపించింది.

ఆ లోపల జరిగింది తర్వాత స్నేహితురాళ్ళు చెప్పారు. నేను పడగానే ప్యూను పరుగెత్తుకొచ్చి బడి తాళాల గుత్తి మొత్తం నా చేతిలో కుక్కాడట. ఇనుము పట్టుకుంటే ఫిట్స్ ఆగుతాయని మా వైపు నమ్మకం. ఇంకెవరో ముక్కు దగ్గర పెట్టడానికి ఉల్లిగడ్డ కోసం పరుగెత్తారట. టీచరమ్మ నన్ను పక్కకు తిప్పి, ఆ గుత్తి తీసి ప్యూను చేతికే ఇచ్చి, "ఈ పిల్ల బీరువా కాదప్పా, తాళం పెట్టి తెరిసేకి. పోయి కిటికీలు తెరువు, గాలి రానీ. ఉల్లిగడ్డను కూరలో ఏసుకోండి" అందట.

నేను కళ్ళు తెరిచేసరికి పిల్లలందరినీ బయటికి పంపేసింది. తన టేబులు సొరుగులోంచి ఒక పాత చీర తీసి నా నడుముకు చుట్టింది. ఆ చీర అక్కడ ఎవరి కోసం మడిచిపెట్టి ఉందో అప్పుడు నాకు తోచలేదు.

"లేసినావా మే. భయపడొద్దు. నీకొక్కదానికే గాదు, నాకూ ఉండాది. కాకపోతే నేను నీకంటే సీనియర్ని" అంది.

అప్పటిదాకా నాకు తెలియదు. బడిలో పెద్దవాళ్ళందరికీ తెలుసట, మా ఇంట్లోనూ తెలుసట. మట్టినేల సంగతి ఆరోజే కొంత అర్థమైంది.

ఆ తర్వాత మా ఇంట్లో వైద్యయాత్ర మొదలైంది. ఎవరు ఏ ఊరు చెబితే నాయన ఆ ఊరికి జీపు కట్టించేవాడు. దర్గాలో తాయెత్తు కట్టించాం. కొండ కింద ఒక ముసలాయన దగ్గర పసరు తాగాను. ఇంకొకాయన మెడ వెనక చిన్న వాత పెట్టాడు, అది ఇప్పటికీ ఉంది. అన్నీ పనిచేసేవి. అదే విచిత్రం. తాయెత్తు కట్టాక ఇరవై రోజులు హాయిగా ఉండేదాన్ని. నాయన మీసం మీద చెయ్యేసుకుని తాయెత్తు మహిమ ఊరంతా చెప్పి వచ్చేవాడు. చెప్పి ముగించేలోపు నేను మళ్ళీ పడేదాన్ని. వెంటనే ఇంకో ఊరు, ఇంకో మహిమ.

ఒక సాయంత్రం టీచరమ్మ గొడుగు వేసుకుని మా ఇంటికి వచ్చింది. ఏ వైద్యం ఎప్పుడు చేయించారో అమ్మను వరసగా అడిగింది. తర్వాత, నాకెప్పుడు ముట్టు వచ్చిందో అడిగింది. అమ్మ తలుపు వైపు చూసింది. పక్క గదిలో నాయన ఉన్నాడు.

"మెల్లగ టీచరమ్మా. ఆయన ఉండాడు."

"ఉండనీ. పాప ఆయనకు తెలీకుండా పుట్టిందా ఏమి?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టీచరమ్మ గొంతు తగ్గించలేదు. "అమ్మా, పాపకు వచ్చేది ముట్టుకు ముందు రెండు మూడు దినాలు, లేకుంటే ముట్టులో. నాకూ అంతే. తక్కిన మూడు వారాలు నువ్వు తాయెత్తు కట్టినా రాదు, కట్టకపోయినా రాదు. ఆ మూడు వారాల మహిమను వచ్చినోళ్ళంతా పంచుకుంటాండారు. కర్నూల్లో నరాల డాక్టరు ఉండాడు, ఆయన దగ్గరికి పోదాం రాండి. ఆయన మహిమలు చెయ్యడు, మాత్రలు రాస్తాడు."

కర్నూలు పోయాం. నెలసరి తేదీలు డాక్టరు అడగగానే నాయన టీ తెస్తానని లేచి బయటికి వెళ్ళాడు. అమ్మ తల పైకెత్తి ఫ్యాను చూస్తూ కూర్చుంది. చెప్పాల్సినవన్నీ టీచరమ్మే చెప్పింది. డాక్టరు, "మీరు ఈ అమ్మాయికి ఏమవుతారు" అని అడిగాడు. "సీనియర్ని" అంది. ఆయన నవ్వి, నెలలో హార్మోన్లు ఎక్కి దిగేటప్పుడు కొందరికి ఇట్లా ఫిట్స్ రేగుతాయని, రోజూ మాత్ర తప్పకుండా వేసుకోవాలని, ఆ నాలుగు రోజులకు ఇంకో మాత్ర అదనమని, ఎవరు చెప్పినా సొంతంగా ఆపకూడదని చెప్పాడు. నాయన టీ చల్లారిపోయాక తెచ్చాడు.

మాత్రలతో ఫిట్స్ తగ్గాయి. పూర్తిగా పోలేదు, తగ్గాయి. మా ఇంట్లో ఆ మాత్రలను పోపుల పెట్టె వెనక, ఎవరికీ కనపడకుండా దాచేవాళ్ళు. ఇంటికి చుట్టాలు వస్తే నేను స్నానాల గదిలోకి పోయి మింగాలి. టీచరమ్మ మాత్రం క్లాసు మధ్యలో, పద్యం ఆపి, ఎవరినో నీళ్ళు తెమ్మని, అందరి ముందూ మింగేది. మింగే ముందు కళ్ళు మూసుకుని గట్టిగానే ప్రార్థన చేసేది: "ప్రభువా, ఈ మాత్ర చేసినోళ్ళను దీవించు, అమ్మినోళ్ళను దీవించు, కర్నూలు నుంచి తెచ్చిన బస్సు కండక్టర్ను దీవించు. ఆమెన్." కండక్టరు హిందువు, మాత్రలమ్మే ఆయన ముస్లిం. ప్రభువు ఆ లెక్కలు చూడడని ఆమె ధైర్యం.

మాత్రల వల్ల నిద్ర ముంచుకొచ్చేది, ఒళ్ళు వచ్చింది, జడ సన్నబడింది. అద్దం ముందు ఏడ్చి, ఒకరోజు ఆమె దగ్గర కూడా ఏడ్చాను. తలమీద చెయ్యి వేసి ఓదార్చే రకం కాదు ఆమె.

"ఈ మాత్రలు ఇల్లరికం అల్లుని మాదిరి మే. తిండి పెట్టల్ల, మర్యాద చెయ్యల్ల, వాని సోమరితనం భరించల్ల. అయినా ఒక దినం కనపడకపోతే ఇల్లంతా గగ్గోలు" అంది.

ఏడుస్తూనే నవ్వాను. ఆమె అట్లాగే తన మొగుడి గురించి కూడా చెప్పేది. ఆయన ఎప్పుడో విడిచిపెట్టి పోయి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. "నాకు పట్టుకున్యవి రెండు, ఫిట్సూ ఆయనా. రెండిట్లో ఒకటన్నా పోయె గదా, దేవునికి స్తోత్రం" అనేది. అందరం నవ్వేవాళ్ళం. ఆమె నవ్విస్తుంటే ఆ మాటల కింద ఏముందో చూడాలని ఎవరికీ తోచేది కాదు.

చర్చిలో ఆమె గొంతు అందరికంటే పైన వినపడేది. పాట తప్పు పాడితే పాస్టరునైనా ఆపేది. ఒక వేసవిలో ఊరి బయట పందిరి వేసి ప్రార్థన కూటాలు పెట్టారు. ఎక్కడి నుంచో వచ్చిన దైవసేవకుడు ఆమె తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించాడు. ఆమె భక్తిగా కళ్ళు మూసుకుంది. తర్వాత రెండు వారాలు ఏమీ రాలేదు. సంఘమంతా సంబరపడింది. స్వస్థత కలిగితే చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాలి కదా. పాస్టరు స్వయంగా ఆమె ఇంటికి వచ్చాడు. నేను అక్కడే చాప మీద కూర్చుని వ్యాకరణం రాసుకుంటున్నాను.

"ఈ ఆదివారం సాక్ష్యం చెప్పల్ల టీచరమ్మా."

"చెప్తా అయ్యగారూ. ఈ ఆదివారం గాదు, పై ఆదివారం పెట్టండి."

"పై ఆదివారం ఏముండాది?"

"ఆ వారం గూడా నిలబడి ఉంటే, ఎంతసేపు చెప్పమంటే అంతసేపు చెప్తా. మధ్యలో పడితే నాకేం గాదు, నాకు అలవాటే. ప్రభువుకు చెడ్డపేరు వస్తాది."

పాస్టరుకు పెళ్ళయింది, ఆడపిల్లలున్నారు. అర్థమైంది. మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఆ వారం ఆమె పడనూ పడింది, తన ఇంట్లో, తన మట్టినేల మీద. సోమవారం బడికి వచ్చి, "మల్ల లేసి నడుచుకుంటా వస్తి" అంది.

నాకు కడప సంబంధం కుదిరింది. వాళ్ళదీ రాళ్ళ వ్యాపారమే, మా నాయన దగ్గరే సరుకు కొనేవాళ్ళు. ఫిట్స్ సంగతి వాళ్ళకు చెప్పలేదు. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు అని అమ్మ తనకు తాను సర్దిచెప్పుకుంది. పెళ్ళికి టీచరమ్మ వచ్చింది. పక్కకు పిలిచి అమ్మను అడిగింది.

"చెప్పినారా?"

"చెప్తే యాడైతాది టీచరమ్మా."

"నూరు అబద్ధాలు చెప్పచ్చు అంటారు గానీ అమ్మా, ఆ నూరూ మోసేది పెండ్లికూతురే" అని, విస్తరి ముందు కూర్చుని, భోంచేసి, ఇంకో మాట లేకుండా వెళ్ళిపోయింది. ఆమె అంత తక్కువ మాట్లాడడం నేను చూడడం అదే మొదలు.

కడపలో నేను మాత్రలు హ్యాండ్‌బ్యాగు లోపలి జిప్పులో పెట్టుకునేదాన్ని. ఏడాదిపాటు ఎట్లాగో నెట్టుకొచ్చాను. తర్వాత నెల తప్పింది. అమ్మకు ఫోన్ చేస్తే సంతోషంతో పాటు భయం కూడా పట్టుకుంది. "ఆ మాత్రలు శానా వేడి మే. కడుపులో బిడ్డకు మంచిది గాదు. ఇడిసిపెట్టు" అంది. నిజంగా మంచిదో కాదో చెప్పాల్సింది నరాల డాక్టరు. ఆయన దగ్గరికి పోవాలంటే మా ఆయనకు చెప్పాలి. మా ఆయనకు చెబితే అత్తకు తెలుస్తుంది. నేను అటూ ఇటూ కాకుండా మాత్రను విరిచి సగం వేసుకోవడం మొదలుపెట్టాను. ఇంటినిండా అద్దంలాంటి బండలు. వాటి మీద నడిచినప్పుడల్లా కింద నా కడుపు కనపడేది. ఆ నెలలన్నీ నేను గోడ పట్టుకునే నడిచాను.

సీమంతానికి అమ్మతో పాటు టీచరమ్మ కూడా బస్సులో వచ్చింది. హాల్లో ముత్తైదువలు పాటలు పాడుతున్నారు. నా చేతులకు మోచేతుల దాకా గాజులు, బుగ్గలకు గంధం. చీర మార్చుకోవడానికి గదిలోకి వచ్చినప్పుడు ఆమె వెనకే వచ్చి తలుపు వేసింది.

"మాత్ర ఏసుకుంటాండావా?"

"సగం."

"మేము గూడా సగమే వస్తామని ఫిట్సు నీకు మాటిచ్చినాయా?"

"అమ్మ వద్దనింది టీచర్. బిడ్డకు మంచిది కాదంట."

"డాక్టరు చెప్పినాడా?"

"డాక్టరు దగ్గరికి పోవల్లంటే ఇంట్లో చెప్పల్ల గదా."

ఆమె మంచం అంచున కూర్చుంది. గొడుగు ఒళ్ళో అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత చెప్పింది. అది మచ్చకు చెప్పిన కథల్లాంటిది కాదు.

"నాకొక బిడ్డ ఉండె కడుపులో. మా అత్తోళ్ళు మంచోళ్ళే. ఉపవాస ప్రార్థన పెట్టి మాత్రలు ఆపించినారు, బిడ్డ కోసరమే. ఏడో నెల. వంటింట్లో కొత్తగా బండలు పరిపించినారు. కడుపు మీద పడితి. మొగం మీద పడిందీ అప్పుడే, ఈ మచ్చ అదే. బిడ్డ పోయె. మూడు నెల్లకు ఆయనా పోయె. మా ఇంటికి వచ్చినాక, ముందు మా నాయనతో నేల మీది బండలన్నీ తవ్విచ్చి పారేయిస్తి."

నాకు ఏడుపు వచ్చింది. ఆమెకు రాలేదు. ఆమె కళ్ళల్లో కోపం ఉంది, ఎవరి మీదో తెలియదు.

"మీ అత్తకు నేను చెప్పల్నా?"

"వద్దు టీచర్."

"నేనూ వద్దనే అనుకుంటాండా. నేను చెప్తే చాడీ ఐతాది. నువ్వు చెప్తే మాట ఐతాది. పో, చెప్పు."

"ఎళ్ళగొడితే?"

"ఎళ్ళగొడితే బతికుండి ఎళ్తావు గదా మే."

హాల్లోకి వెళ్ళాను. మా అత్త చేతిలో గంధం గిన్నె ఉంది. నోరు తెరవడానికి ఎంత కష్టపడ్డానో, తర్వాత బిడ్డను కనడానికి అంత కష్టపడలేదు.

"అత్తా, నాకు ఫిట్సు ఉండాది. పెండ్లికి ముందు నుంచే. మాత్ర ఏసుకోవల్ల. భయపడి సగమే ఏసుకుంటాండా."

పాట ఆగిపోయింది. మా అత్త గంధం గిన్నె కింద పెట్టింది. నన్ను చూడలేదు. మా అమ్మను చూసింది.

"మాకు చెప్పకుండా దాచినందుకు నీతో మల్ల మాట్లాడతా వదినా. ఇప్పుడు ఇది చెప్పు. కడుపుతో ఉండే బిడ్డకు మందు ఎట్ల ఆపించితివి నువ్వు? నేను షుగరు మాత్ర ఒకపూట మర్సిపోతేనే కండ్లు తిరుగుతాయే" అంది.

మర్నాడే మా ఆయనా అత్తా ఇద్దరూ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఇట్లా సొంతంగా తగ్గించడం ఎంత ప్రమాదమో చెప్పి ఆయన మమ్మల్ని గట్టిగా తిట్టాడు. బిడ్డ కావాలనుకున్నప్పుడే రావాల్సిందన్నాడు. మోతాదు సరిచేసి, పరీక్షలు రాశాడు. సీమంతం రోజు సాయంత్రమే, వెళ్ళేముందు, టీచరమ్మ మా అత్తకు, నేను పడితే పక్కకు ఎట్లా తిప్పాలో తన మీదే చూపించింది. పొడుగు మనిషి మా హాలు మధ్యలో పడుకుని, "ఇట్ల తిప్పల్ల వదినా, నోట్లో ఏమీ పెట్టొద్దు" అని చెబుతుంటే, సీమంతానికి వచ్చినవాళ్ళు తాంబూలాలు పట్టుకుని చుట్టూ నిలబడి చూశారు. తొమ్మిదో నెలలో నాకు ఒకసారి రానే వచ్చింది. మా అత్త అట్లాగే తిప్పింది. పాప క్షేమంగా పుట్టింది. ఇక మా అమ్మతో మళ్ళీ మాట్లాడతానన్నది కదా, మాట్లాడింది. ఇప్పటికీ ప్రతి పండక్కీ మాట్లాడుతూనే ఉంది.

కొన్నేళ్ళ తర్వాత ఒకరోజు టీచరమ్మ ఫోన్ చేసింది. తనకు ముట్లు ఆగిపోయాయని, వీధిలో అందరికీ లడ్లు పంచానని చెప్పింది.

"పంచినావా టీచర్? ఏమని చెప్పి?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పి. మొదలైనప్పుడు ఊరంతా పిలిచి బువ్వ పెడితిరే, ఐపోయినప్పుడు ఒక లడ్డు పెడితే తప్పా? ఈదిలో ఆడోళ్ళు రెండేసి తినిరి. మొగోళ్ళు దేనికో తెలీక తినిరి."

ఆ తర్వాత ఆమెకు ఫిట్స్ బాగా తగ్గాయి. చివరి సంవత్సరాల్లో దాదాపు లేవనే చెప్పాలి. డాక్టరు ఆపమనలేదు కాబట్టి మాత్ర మాత్రం ఆపలేదు. బస్సు కండక్టరు మారినా దీవెన మారలేదు.

జ్ఞాపకార్థ కూటానికి నేను బేతంచెర్ల వెళ్ళాను. చర్చి నిండిపోయింది. కొత్త పాస్టరు, కుర్రవాడు, మంచి గొంతు. సంఘం ప్రార్థనలు ఆలకించి ప్రభువు ఈ సహోదరి రోగాన్ని చివరి దినాల్లో సంపూర్ణంగా తీసివేశాడని చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. బతికినన్నాళ్ళూ ఆమె నోటితో చెప్పించలేకపోయిన సాక్ష్యం, పోయాక ఆమె తరఫున చెప్పేశారు. నాకు ఒళ్ళు మండింది. కూటం అయ్యాక ఆయన్ను మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"అయ్యగారూ, ఆమె పోయిన దినం పొద్దున గూడా మాత్ర ఏసుకునింది."

"అది గూడా ప్రభువు కృపే గదమ్మా" అన్నాడాయన, ఏమాత్రం తడుముకోకుండా.

టీచరమ్మ ఉంటే నవ్వి, "ఆ మాట అప్పుడే ఎవరన్నా అనింటే నేనే నిలబడి సాక్ష్యం చెప్పేదాన్ని గదప్పా" అనేది.

టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. పక్కింటి ఖాజాబీ తాళం తీసింది. టీచరమ్మను చివరిదాకా చూసుకున్నది ఆమే. సామాను పెద్దగా ఏమీ లేదు. ఖాజాబీ లోపలి గదిలోకి వెళ్ళి, పాత దుప్పట్లో చుట్టిన మూట ఒకటి రెండు చేతులా ఎత్తుకొచ్చి నా ముందు పెట్టింది.

"ఇది నీదంట మే. తీస్కపో."

విప్పాను. బొంత. పాత నూలు చీరలు దొంతర పెట్టి, దగ్గర దగ్గరగా కుట్టి, పరుపంత మందం చేసిన బొంత. నేల మీద పరుచుకుని పడుకుంటే ఎంత గట్టిగా కొట్టుకున్నా దెబ్బ తగలదు. ఒక్కసారి కూడా వాడినట్టు లేదు.

"నాకెందుకు కుట్టింది? ఎప్పుడు కుట్టింది?"

"నీ పెండ్లికి పోయొచ్చిన వారమే మొదలుపెట్టె. కండ్లు కనపడకున్యా కుట్టె. అప్పట్నుంచి ఏటా ఎండాకాలం బయట ఏసి, దులిపి, మల్ల మడిచి పెడతాండె. ఎవ్వరికీ ఇయ్యకపాయె. ఒకసారి శానా చలి ఉంటే నేనే నోరు తెరిసి అడిగితి, ఊరికే పడుండాది గదా, నాకియ్యి అని."

"ఏమనింది?"

"ఇది అత్తోళ్ళు ఎళ్ళగొడితే వచ్చే ఒక చుట్టానికి పెట్టిండా ఖాజా, అనె. ఆ చుట్టం రాకుండా ఉండల్లని దినామూ ప్రార్థన చేస్తాండా, అనె."